మింగాక చెప్పే కబురు

ఎవరేమడిగినా నిర్గుణయ్యగారు సూటిగా జవాబు చెప్పేవారు కారు. తాను ఎరిగిన ఎవరో ఒకరి సంగతి చెప్పేవారు. శిష్యుడు భావనారాయణ తల్లికి వణుకుడు జబ్బు ముదిరింది. ఒకనాడతను, "ఈ జబ్బుతో మనిషి చివరికి ఎలా పోతాడండీ?" అని అడిగాడు. గురువుగారు చీరాల నేతగాడు అచ్చయ్య సంగతి ఎత్తుకున్నారు.

అచ్చయ్యకూ అదే జబ్బు. మగ్గం దిగి చాలాకాలమైంది. అన్నం తింటుంటే తరచూ పొలమారేది. ఎవరో తలుచుకుంటున్నారంటూ భార్య మంగతాయారు నెత్తిన తట్టి నవ్వేది. డాక్టరు మాత్రం నవ్వలేదు. వణుకు ప్రాణం తీయదనీ, మెతుకో నీటిచుక్కో దారితప్పి ఊపిరితిత్తుల్లో పడితే నిమ్ము చేస్తుందనీ, లేదంటే తూలిపడి తుంటి విరుగుతుందనీ, ఈ జబ్బువాళ్ళలో చాలామంది అలాగే పోతారనీ చెప్పాడు.

ఇక కొడుకులు ఆయన్ని మంచం దిగనివ్వలేదు. జావ తప్ప ఏమీ పెట్టనివ్వలేదు. భోజనం దగ్గర ఎవరూ నోరు మెదపకూడదన్నారు. ఆ మౌనంలో అచ్చయ్య నాలుగు చెంచాలు తాగి మొహం తిప్పుకునేవాడు. జబ్బు కంటే ముందు ఆకలే తీసుకుపోయేట్టు కనిపించింది.

మంగతాయారు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎలా పెడితే ముద్ద సరిగ్గా దిగుతుందో అడిగి తెలుసుకుంది. మొగుణ్ణి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త వంచమని, మెత్తగా పిసికిన పప్పన్నం చిన్న ముద్ద నోట్లో పెట్టింది. అసలే కబుర్లకు ఆమె పేటలో పెట్టింది పేరు. ఎదురింటి వియ్యపురాలి అలక సంగతి మొదలెట్టి, మంచి పట్టులో ఉండగా ఆపేసింది.

"మింగు. తరవాతేమైందో అప్పుడు చెబుతా."

అచ్చయ్య తొందరపడకుండా మింగి, నోరు తెరిచి చూపించాడు. నవ్వొచ్చే మాట నోరు ఖాళీ అయ్యాకే చెప్పేది. భోజనానికి గంట పట్టేది. కొన్నాళ్ళకు పక్కింటివాళ్ళు కూడా తమ కంచాలు పట్టుకొచ్చి కూర్చోసాగారు. తండ్రి మొహంలో కళ చూసి కొడుకులే చెయ్యిపట్టి వీధి చివరిదాకా నడిపించేవారు. అలా ఏళ్ళు గడిచాయి.

గురువుగారు అక్కడితో ఆగారు. భావనారాయణ, "చివరికి ఆయన దేనితో పోయాడండీ?" అని అడిగాడు.

"నిమ్ముతోనే. డాక్టరు చెప్పినట్టే."

గురువుగారు లేచి, కండువా దులిపి భుజాన వేసుకుంటూ అడిగారు:

"మీ అమ్మకి ఎవరి కబుర్లంటే ఇష్టం?"