ఇంజను కింద చెక్క

ఎవరేం అడిగినా పెంటయ్య సరంగు నోటితో బదులివ్వడు, చేతికి పని చెబుతాడు. రేవులో పడవ ఇంజన్ల పని ఆయన దగ్గర నేర్చుకుంటున్న కొర్లయ్యకు ఆ ఉదయం ఆ అలవాటు మీద కూడా ఒళ్లు మండింది.

అసలు మంట తమ్ముడు దానయ్య మీద. తండ్రిని మింగిన సముద్రం మీదికి లైఫ్ జాకెట్ లేకుండా పోవద్దని ఇంట్లోనూ, రేవులో పదిమంది ముందూ గొంతు చించుకున్నాడు. వాడు వినలేదు సరికదా, "నీ పడవా వద్దు, నీ తిట్లూ వద్దు" అని వేరే పడవలో కుదిరాడు. మధ్యాహ్నమే వేటకు ప్రయాణం. జాకెట్ ఇంట్లో మేకుకే వేలాడుతోంది.

"ఇంకెంత అరిస్తే ఆడి సెవికెక్కుద్ది గురువుగోరూ?"

"నీ పడవ తియ్యి," అన్నాడు పెంటయ్య.

కొర్లయ్య పళ్లు కొరుకుతూ తీశాడు. ఆ పడవదీ ఒక రోగమే. ఒకసారి నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను ఇసకమేటకు కొట్టుకుని రెక్క విరిగింది. దాన్ని అతికించి, మళ్లీ దెబ్బ తగలకూడదని ఇంజను కింద చెక్క పెట్టి, ఫ్యాను నీళ్ల పైపైనే తిరిగేలా ఎత్తాడు. అప్పటినుంచి పడవ సాగలేదు. పెద్ద ఫ్యాను బిగించాడు, అయినా సాగలేదు. ఇప్పుడూ అంతే. రేవంతా దద్దరిల్లేలా ఇంజను గోలపెట్టింది, వెనక నురగ లేచింది, పడవ మాత్రం ఉన్నచోటే కునికింది. కొర్లయ్య దాన్ని బూతులు తిట్టి కాలితో తన్నాడు.

పెంటయ్య పడవను ఒడ్డుకు తిప్పించాడు. చెక్క లాగేసి, పాత ఫ్యానే బిగించి, ఇంజనును నీళ్లలోకి దించాడు. ఈసారి చప్పుడు సగమే. పడవ అలను కోసుకుంటూ పోయింది.

కొర్లయ్య కోపం మాత్రం తగ్గలేదు. "ఇంజను బాగైతే నాకేటి? ఆడు సచ్చిపోతే? కోపం మానీమంటారా?"

"మీ అయ్య పోయినప్పుడు నువ్వేడ్సడం దానిగాడు సూసినాడా?"

దానయ్య చూడలేదు. తమ్ముడు బెంబేలు పడతాడని ఆరోజు కొర్లయ్య పడవల చాటుకు పోయి ఏడ్చాడు. తర్వాత వాడి ముందు అరవడమే తప్ప మరొకటి ఎరగడు.

దూరంగా దానయ్య కొత్త పడవలోకి వల ఎక్కిస్తున్నాడు. పెంటయ్య తీసిన చెక్కను శిష్యుడి చేతిలో పెట్టాడు.

"కోపం మానమన్నానేట్రా? సెక్క తియ్యమన్నాను."