చప్పుడు లేని ఉప్పు

పొద్దు పొడిచి సరిగ్గా ఆరు ఘడియలైంది. రేవనాడు అనే రాజ్యంలో, కోటకు కావలసిన సరుకులన్నీ కొని నిల్వచేసే ఉగ్రాణంలో, అధికారి అక్కిరాజు తీరిగ్గా తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. అప్పుడే చండసేన మహారాజు లోపలికి వచ్చారు.

ఆయనకు ఒళ్ళు మండింది. అక్కిరాజుకు ముందు ఆ పని చేసిన పాపన్న గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో వానాకాలం నడుమ ఉప్పు నిండుకునేది. పాపన్న తలపాగా ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తేవాడు. తప్పెట్లు మోగేవి. గుర్రాలు నురగలు కక్కుతూ సముద్రతీరానికి పోయి వచ్చేవి. సగం కరిగిన ఉప్పు బస్తాలు కోటలోకి వస్తుంటే జనం జేజేలు కొట్టేవారు.

"పనంటే అదయ్యా. నువ్వొచ్చి మూడేళ్ళయింది. నీకు చెమట పట్టగా ఒక్కనాడైనా చూశానా? ఎల్లుండి విందు కాగానే ఉద్యోగం వదిలి వెళ్ళు" అన్నారు రాజుగారు.

అక్కిరాజు పద్ధతి వేరు. ఉప్పు మళ్ళు ఎండే వేసవిలోనే ఏడాదికి సరిపడా ఉప్పు కొనేసేవాడు. చింతపండైనా, మిరపకాయలైనా పంట చేతికొచ్చినప్పుడే తెప్పించేవాడు. తర్వాత నిద్రపోయేవాడు. తాను గొప్ప అధికారి అవునో కాదో గాని, నిద్రలో మాత్రం తనకు సాటి లేరని ఆయనకూ తెలుసు. ఈ వయసులో కొత్త కొలువు వెతుక్కోవడం కంటే ఒక్కసారి పరుగెత్తడమే నయమనుకున్నాడు.

విందు నాడు అతిథులు కూర్చునే వేళకు పెద్ద వంటవాడు సభలోకొచ్చి, చిటికెడు ఉప్పు లేదని గుండె బాదుకున్నాడు. అక్కిరాజు లేచాడు. తలపాగా తానే కాస్త వదులు చేసుకుని పరుగందుకున్నాడు. నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. అది మాత్రం నటన కాదు. తప్పెట్లు మోగాయి. రౌతులు దుమ్ము రేపారు. కాసేపటికే ఉప్పు బస్తాలు సింహద్వారం గుండా ఊరేగింపుగా వచ్చాయి.

రాజుగారు గద్దె దిగివచ్చి తన శాలువా అక్కిరాజుకు కప్పారు. ఇన్నాళ్ళకు ప్రయోజకుడివయ్యావని మెచ్చుకుని, "ఇంత వేగంగా ఏ రేవు నుంచి తెప్పించావయ్యా?" అని అడిగారు.

"మన ఉగ్రాణం దొడ్డివాకిలి నుంచి, మహాప్రభూ. వంటవాడు నేను చెప్పినట్టే గుండె బాదుకున్నాడు, గుర్రాలు కోట చుట్టూ తిరిగొచ్చాయి, అంతే. ఉప్పు వేసవిలో కొన్నదే."

అక్కిరాజు చేతులు జోడించాడు.

"తప్పు నాదే. మూడేళ్ళుగా అన్నీ కొన్నాను గాని, తప్పెట్లవాళ్ళను మాట్లాడుకోవాలని నా మట్టిబుర్రకు తోచలేదు. పాపన్నకు తోచింది. ఆయన నాకంటే తెలివైనవాడు."

రాజుగారు ఒక బస్తాలో చెయ్యి పెట్టారు. పొడి ఉప్పు వేళ్ళ సందుల్లోంచి గలగల రాలింది. ఆయన దాన్నీ, అక్కిరాజు జారిన తలపాగానూ మార్చి మార్చి చూశారు. అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వారు. అతిథులూ నవ్వారు.

"ఉద్యోగం నీదే. నిద్రా నీదే" అన్నారు. మర్నాడు నిండు సభలో ఆయన చేతికి బంగారు కడియం తొడిగారు.

కొన్నాళ్ళకు, మోచేతి దాకా జారిపోతున్న ఆ కడియాన్ని చిన్నది చేయించడానికి అక్కిరాజు కంసాలి దగ్గరికి వెళ్ళాడు. కంసాలి చూడగానే గుర్తుపట్టాడు. ఖజానాలో కడియాలు లేవని విందు నాటి సాయంత్రం రాజభటులు గుర్రాల మీద వచ్చి, బేరమైనా ఆడకుండా దాన్ని పట్టుకుపోయారట. అది ఒక వస్తాదు కొలతకు చేసిందట.