గంటకు బంగారు పూత

ఒక రాజ్యంలో ఒక గురువు ఉండేవాడు. ప్రాణుల నడత ఎలా మారుతుందో కనిపెట్టడమే ఆయన విద్య. గంట కొట్టి, చెప్పినట్టు విన్న పావురానికి గింజ వేసేవాడు. కొన్నాళ్లకు గింజ లేకపోయినా పావురం గంటకు తల వంచేది.

రాజు ముచ్చటపడ్డాడు. "పిల్లలకూ నేర్పగలవా?"

"బెల్లం ఉంటే చాలు, ప్రభూ."

బడి వెలిసింది. గంట మోగితే లేవాలి, మళ్లీ మోగితే కూర్చోవాలి. విన్నవాళ్లకు బెల్లం ముక్క. అల్లరి అణిగింది. దాంతోపాటే ప్రశ్నా అణిగింది. శ్మశానంలో ఉండే నిశ్శబ్దానికి ఆ రాజ్యం క్రమశిక్షణ అని పేరు పెట్టుకుంది.

ఒక్క పిల్ల మాత్రం లొంగలేదు. "బెల్లం మా ఇంట్లోనూ ఉంది" అనేది. ముందు కూర్చున్నవాళ్ల జడలు లాగేది. గురువు ఆమెను గుమ్మం బయట నిలబెట్టాడు. తన విద్యకు అదొక్కటే మచ్చ అని లోలోపల కుమిలేవాడు.

రాజు మెచ్చి, బంగారు పూత వేయిస్తానని గంటను కోటకు తెప్పించుకున్నాడు. అది తిరిగి రాకముందే బడి తాటాకు కప్పు అంటుకుంది.

"లేవండి! బయటికి పరుగెత్తండి!"

ఎవరూ లేవలేదు. గురువు బెల్లం చూపించాడు. చెంబు మీద రాయితో కొట్టాడు. అది గంట కాదని వాళ్లకు తెలుసు. ఆయన నేర్పిందే. ఒకణ్ణి ఈడ్చుకెళ్లి బయట వదిలితే, వాడు తిరిగొచ్చి తన చోట్లో కూర్చున్నాడు. తను ఇంత బాగా నేర్పానని ఆయనకు అప్పుడే తెలిసింది.

గుమ్మం బయటి పిల్ల లోపలికి దూకింది. చేతికందిన జడనల్లా, పిలకనల్లా లాగింది.

"ఒరేయ్ పావురం మొహాల్లారా! దమ్ముంటే పట్టుకోండ్రా!" అని ఒకడి పలక లాక్కుని పరుగెత్తింది.

"ఓసి దొంగా! నా పలక!"

వాడు లేచాడు. జుట్టు లాగించుకున్నవాళ్లంతా లేచారు. ఆమెను తన్నడానికి బడంతా బయటపడింది. వెనక కప్పు కూలింది.

గురువు ఆమెకు బెల్లం అందించాడు.

"దేనికి?" అంది పిల్ల.



అంతలో కోట నుంచి భటుడు వచ్చాడు. కొత్త మెరుపు చూడమన్నట్టు గంట ఎత్తి ఒకసారి మోగించాడు. పిల్లలు బూడిదలో బారుగా కూర్చున్నారు. గురువుగారి మోకాళ్లు వాటంతటవే వంగాయి.

పిల్ల ఆయన వెనక్కి వెళ్లింది. పిలక పట్టుకుని, బలం కొద్దీ లాగింది.