రెండు అరచేతుల మధ్య రాయి

దుర్ముఖి సంవత్సరం, చైత్ర మాసం. రెండేళ్ళుగా వానలు లేవు. గద్దలకనుమ కింద ఉన్న జంగమ మఠంలో రోజూ నూరు మందికి గంజి పోసేవారు. ఆ చైత్రానికి గాదెలో మిగిలింది ఇరవై రోజులకు సరిపోయే జొన్నలు.

గద్దలకోట దొర దగ్గర ధాన్యం ఉంది. ఆయన మఠానికి కబురు పంపాడు. తన పూర్వీకుడు తిప్పమనాయకుడి చరిత్ర రాసిస్తే ఇరవై బండ్ల జొన్నలు తోలిస్తానన్నాడు.

అలాంటి పని చేయగలిగినవాడు మఠంలో సోమలింగం ఒక్కడే. వారం రోజులు కూర్చుని తాటాకుల మీద రాసి ముగించాడు. ఆ కట్టను గురువు రేవణయ్య స్వామి ముందు పెట్టాడు.

"ఆశీర్వదించండి స్వామీ. రేపు దొర మనిషి వస్తాడు."

"ఏం రాశావు?"

"కాలువ తవ్వించిన ధర్మాత్ముడని. జనాన్ని కన్నబిడ్డల్లా చూసుకున్నాడని."

"ఆ కాలువ పని నుంచి పారిపోయినవాళ్ళ సంగతి?"

సోమలింగానికి ఆ సంగతి తెలుసు. కనుమ చుట్టుపక్కల ముసలివాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. రెండు వందల ఏళ్ళ కిందట తిప్పమనాయకుడు, పని విడిచి పారిపోయినవాళ్ళను పట్టి తెప్పించి, రెండు చేతుల బొటనవేళ్ళూ నరికించాడని.

"అది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట స్వామీ. కాలువ దగ్గరున్న ఆయన శాసనం రెండుసార్లు చదివాను, అందులో లేదు. అంతెందుకు, కనుమలో ఆయన గుర్రం మీంచి పడి చనిపోయిన చోట రాళ్ళకుప్ప ఉంది కదా. దారిన పోయేవాళ్ళంతా తలా ఒక రాయి పెడతారు. విసిరేయరు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని, దండం పెట్టినట్టుగా తెచ్చి, వంగి పెడతారు. ఆయన పోయిన నాటి నుంచీ అదే ఆచారం. దుర్మార్గుడికి ఎవరైనా అలా మొక్కుతారా?"

తన వాదం తనకే నచ్చి కొంచెం నవ్వాడు.

గురువు నవ్వలేదు. భుజం మీది కావిగుడ్డ అంచు చింపి రెండు పేలికలు చేశారు.

"చేతులు చాపు."

చాపాడు. బొటనవేలు కదలకుండా చేతికి చేర్చి, చుట్టూ పేలిక తిప్పి గట్టిగా ముడి వేశారు. రెండో చేతికీ అలాగే కట్టారు.

"పోయి నువ్వూ ఒక రాయి వేసి రా."

సోమలింగం కనుమ ఎక్కాడు. కుప్పకు ఇంకా కొంత దూరం ఉండగా కొబ్బరికాయంత రాయి ఒకటి చూసుకున్నాడు. అలవాటుగా కుడిచేయి వేశాడు. వేళ్ళు దాని మీద జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నిస్తే కాస్త లేచి, జారి కాలి మీద పడింది. గోరు చిట్లి నెత్తురు వచ్చింది.

చివరికి రెండు అరచేతులూ రాయికి చెరోవైపు ఆనించి నొక్కి పట్టాడు. అప్పుడు లేచింది. జారకుండా గుండెకు దగ్గరగా పెట్టుకున్నాడు. మోచేతులు ఒంటికి బిగించాడు. అడుగు ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి తల వంచాడు. అలాగే నడిచాడు.

కుప్ప దగ్గర కట్టెలమోపులు దించుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. సోమలింగం ఆగాడు. విసరడానికి చేయి వెనక్కి ఎత్తబోతే రాయి జారింది. మళ్ళీ నొక్కి పట్టుకున్నాడు. మోకాళ్ళు వంచి, నడుము వంచి, కుప్ప మీదికి దించి, అరచేతులు ఎడం చేశాడు.

"చూడక్కా, మఠం సామి ఎట్లా వంగి పెడుతున్నాడో," అంది ఒకామె.

"చదువుకున్నోళ్ళు కదే. నాయకుడంటే ఎంత బత్తి ఉందో చూడు. నువ్వూ ఉన్నావు, మూరెడు ఎత్తు నుంచి పడేస్తావు."

"నాకు నడుం నొప్పి. నాయకుడికి తెలీదా ఏంది."

ఇద్దరూ నవ్వుకుంటూ మోపులు ఎత్తుకుని దిగిపోయారు. వాళ్ళ మాటలు వినిపించనంత దూరం పోయేదాకా సోమలింగం వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

మఠానికి తిరిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గురువు ముడులు విప్పుతూ అడిగారు.

"విసిరావా?"

"బొటనవేళ్ళు లేకుండా విసరడం కుదరదు స్వామీ. వంగి పెట్టాలి, అంతే."

అనేసి, తన మాట తన చెవిన పడ్డాక ఆగిపోయాడు.

బయట గంజి కోసం జనం చేరుతున్నారు. చిప్పల చప్పుడు వినిపిస్తోంది. సోమలింగం అటు చూశాడు.

"ఉన్నది రాస్తే దొర జొన్నలు ఇవ్వడు."

"ఇవ్వడు."

ఇంకేమైనా చెబుతారేమోనని చూశాడు. గురువు పేలికలు మడిచి నడుముకు దోపుకుని, గంజి పోయడానికి లేచి వెళ్ళారు.

సోమలింగం కట్ట విప్పాడు. రాసిన ఆకులన్నీ పక్కన పెట్టి కొత్త ఆకు తీసుకున్నాడు.

మర్నాడు దొర మనిషి వచ్చి ఆ కొత్త కట్ట తీసుకుపోయాడు. బండ్లు రాలేదు. జొన్నలు వైశాఖంలో అయిపోయాయి. వానలు పడేలోపు మఠం గుమ్మంలో పదకొండు మంది ఆకలితో చనిపోయారు. వాళ్ళలో రేవణయ్య స్వామి కూడా ఉన్నారు.