మొరగడం మానేసిన కుక్క

ఐదు నదుల నేలలో, గోధుమచేల మధ్య ఒక సిక్కు ముసలమ్మ ఉండేది. ఆమెకు ఒక కుక్క ఉండేది. గడపలోకి ఎవరొచ్చినా రొట్టె పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. అందుకే ఆమె పిండి ఎప్పుడూ నలుగురికి ఎక్కువే కలిపేది.

ఒకరోజు తుపాకీ మనిషి వచ్చాడు. "మనవాళ్ళకి వేరే దేశం తెస్తాం, బేబే," అన్నాడు. అక్కడ అమ్మని అలాగే పిలుస్తారు. ముసలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి.

"తిను కొడుకా, ఎంత చిక్కిపోయావో," అని రొట్టె మీద ఇంత వెన్న పెట్టింది. కుక్క తోక ఊపింది. ఊరంతా అంతే. తుపాకీ మనుషుల కోసం తలుపులు తీసే ఉండేవి.

ఏడాది తిరిగింది. తుపాకీ మనుషులు బస్సు ఆపి కొందరిని దింపి కాల్చేశారు. ముసలమ్మకి అరవయ్యో ఏట అక్షరాలు దిద్దించిన పంతులు అందులో ఉన్నాడు.

తర్వాత గోడ మీద కాగితం వెలిసింది. పంతులు నేర్పిన అక్షరాలతోనే ఆమె దాన్ని కూడబలుక్కుని చదివింది. కుక్కలు మొరిగి మా రాక బయటపెడుతున్నాయి, చంపెయ్యండి, అని ఉంది.

ఊరు చంపేసింది. ముసలమ్మకి చేతులు రాలేదు. కుక్కని గడ్డి కొట్టులో దాచింది. ఎవరి అడుగు చప్పుడైనా సరే, దాని మూతి మీద చెయ్యి వేసేది. చెయ్యి పడితే నోరు మూసుకోవాలని దానికి తెలిసింది. పాపం, ఎంత తొందరగా నేర్చుకుందో!

ఒక మధ్యాహ్నం, మొదట వచ్చిన ఆ తుపాకీ మనిషి మళ్ళీ వచ్చాడు. ముసలమ్మ అతనికి వట్టి రొట్టె పెట్టి, గడ్డి కొట్టు తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. కుక్క కుయ్యిమంటే ఇద్దరి పనీ అయిపోతుంది.

"వెన్నేది బేబే? గేదె వట్టిపోయిందా?" అని నవ్వాడు.

"లేదయ్యా. పాలిస్తోంది."

అతను నమలడం ఆపాడు. "ఇదివరకు కొడుకా అనేదానివి."

"ముసలిదాన్ని గదయ్యా. నోరు తిరగట్లేదు."

"కుక్కేది?"

"కాగితం మేమూ చదివాం అయ్యా."

అతను తల దించుకుని మళ్ళీ తినసాగాడు.

అప్పుడు చేలో గోధుమ కదిలింది. పోలీసు బూట్లు. ఒక జత కాదు, చాలా. ఆ బూట్లంటే కూడా ఊరికి భయమే, ఇద్దరు కుర్రాళ్ళని తీసుకెళ్ళి తిరిగి పంపలేదు. అతనికి వినపడలేదు. తలుపు వెనక కుక్కకి వినపడింది. అది గొంతులోనే గుర్రుమనసాగింది. ఒక్కసారి మొరిగితే చాలు, అతను వెనక గోడ దూకి పోతాడు.

ముసలమ్మ చెయ్యి తలుపు సందులోంచి వెళ్ళి మూతిని వెతుక్కుంది. గుర్రుమనడం ఆగింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇంకో రొట్టె వేస్తాను," అంది. "తిను, కొడుకా."

అతని ముఖం విప్పారింది. కంచం ముందుకు చాపాడు.