ఏడు ఆశీస్సులకు వచ్చిన కొత్త ముఖం

పూర్వం కార్పాతియన్ పర్వతాల ఒడిలో, వెర్బినా అనే యూదుల గ్రామంలో, ఫైవెల్ అనే మహాయోగి ఉండేవాడు. జనులు ఆయనను రబ్బీ అని, అంటే గురుదేవుడని, పిలిచేవారు. ఏకేశ్వరుణ్ణి కన్నీటితో కంటే కేరింతతోనే త్వరగా చేరవచ్చునని బోధిస్తూ, వేగుతున్న ఉల్లిపాయల వాసనలోనూ గుర్రపు సకిలింపులోనూ దైవమహిమను కనుగొంటూ, ప్రార్థన నడుమ చప్పట్లు చరిచి నర్తించే ఆ ఆనందమూర్తి చుట్టూ కట్టెలు కొట్టేవారు, బండ్లు తోలేవారు చేరి తామూ నర్తించేవారు. వాగు ఆవలి ఒడ్డున నలుగురు శిష్యులతో వసించే ధర్మశాస్త్రకోవిదుడు అవిగ్దోర్ పండితుడు మాత్రం "ఇది భక్తా, కోతిగంతులా?" అని కనుబొమలు ముడిచేవాడు.

అలా ఉండగా, తల్లిదండ్రులు లేని గిట్టెల్ అనే కన్యకు యోసెల్ అనే నేతగాడితో రబ్బీయే వివాహం జరిపించాడు. వారి ఆచారం ప్రకారం, పెళ్లినాడు పలికిన ఏడు ఆశీస్సులను వారం దినాలూ విందు చివర మళ్లీ పలకాలి. అందుకు ప్రతిదినమూ పెళ్లికి రాని కొత్త ముఖం ఒకటి పంక్తిలో భుజించాలి. "ఏడు రోజులూ నా బిడ్డ ఆ ఆశీస్సులు వినాలి" అన్నది గిట్టెల్ తల్లి కడపటి కోరిక. అయితే సంతోషం పొంగిపొరలిన రబ్బీ ఏం చేశాడు? ఊరంతటినీ, దారిన పోయే బిచ్చగాళ్లతో సహా, మొదటినాడే పిలిచి కూర్చోబెట్టాడు! మరునాటి ఉదయానికి, బయటివారు ఊళ్లోకి వచ్చే కనుమదారి మంచుతో మూసుకుపోయింది.

మధ్యాహ్నం వడ్డిస్తూ వడ్డిస్తూ వంటపెద్ద ఫ్రూమా నెత్తి కొట్టుకుంది. "అయ్యో గురువుగారూ, అన్నీ నిన్నటి ముఖాలే! నిన్న మీరు పిలవంది నా మేకను ఒక్కదాన్నే!"

గిట్టెల్ కళ్లు నిండాయి.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు రబ్బీ. "తలుపులు బార్లా తెరవండి. పాడదాం. మంచు మనుషులను ఆపుతుంది గాని పాటను ఆపుతుందా?"

ఆ గానం మింటికెగసి దేవదూతలను పులకింపజేసి, వాగు దాటి అవిగ్దోర్ పండితుని గ్రంథపీఠాన్ని తాకింది. ఊరంతా నిన్ననే పెళ్లికి వెళ్లిందని ఎరిగినవాడు కనుక, కొత్త ముఖం లేకుండానే ఆశీస్సులు మొదలుపెట్టారని తలచి, ఆయన పైకోటు సైతం మరిచి, గడ్డమంతా మంచు పేరుకోగా గడపలోకి దూసుకువచ్చాడు.

"ఆపండి! కొత్త ముఖం లేనిదే ఆశీస్సుల్లో దేవుని పవిత్రనామం ఉచ్చరించరాదు! ఇది శాస్త్రం!"

రబ్బీ చేతులు జోడించాడు. "అక్షరసత్యం, పండితవర్యా. చిన్న సందేహం. నిన్న పెళ్లికి తమరు దయచేశారా?"

"నేనా? ఈ గంతుల పెళ్లికా? ఛీ!"

ఆపై ఫ్రూమా గరిట ఎత్తి, "కొత్త ముఖం!" అని కేక వేసింది.

పండితుడు తెల్లబోయాడు. అయినా శాస్త్రం దగ్గర ఆయన అబద్ధమాడడు. "భుజించనివాడు లెక్కకు రాడు," అని వెనుదిరిగాడు.

అప్పుడు గిట్టెల్ రొట్టెముక్క పట్టుకుని ఎదురుగా నిలిచింది. "తాతగారూ, మా అమ్మ అడిగింది ఇదొక్కటే. చలిలో వచ్చారు, తినండి."

ఆయన రొట్టెను చూశాడు, ఆ పిల్లను చూశాడు, కూర్చున్నాడు. తిన్నాడు. "ఉప్పు తక్కువైంది," అని గొణిగి, రెండో ముక్క అడిగాడు.

ఏడవ ఆశీస్సు ఆయన గంభీరస్వరంలోనే వెలువడింది. అది ముగిసేసరికి ఆయన పాదం బల్ల కింద తాళం వేస్తోంది.

అటుపై ఆయన ఇంటికి వెళ్తేనా! గురువును వెతుక్కుంటూ రోజుకొక శిష్యుడు వచ్చి, కొత్త ముఖమై పంక్తిలో చేరి తానూ ఉండిపోయాడు; వారాంతపు విశ్రాంతిదినాన మాత్రం, వారి ఆచారం ఒప్పుకున్నట్టే, ఆ పవిత్రదినమే కొత్త ముఖంగా లెక్కకు వచ్చి అతిథి అయింది. ఏడవనాటి ఏడవ ఆశీస్సుతో తల్లి కోరిక నెరవేరింది, మంచు కరిగి కనుమ తెరుచుకుంది, వాగు రెండు ఒడ్డుల మీదా ఒకే పాట వినిపించింది.

ఈ కథను కొత్త దంపతుల గడపలో చదివినవారి ఇంటికి, అలిగినవాడే మొదటి అతిథిగా వచ్చుగాక!