కనుమ దారిలో తోడు

దారులకన్నా షావుకారు వరదప్ప అంగళ్లే ఎక్కువని జనం చెప్పుకునే రోజులవి. ఆ అంగళ్లన్నిటికీ బండివాళ్లే సరుకు తోలేవారు. వాళ్లకి ఆయన పెట్టిన కట్టడి ఒక్కటే: దారిలో బండి ఆపినవాడికి మర్నాటినుంచి పని లేదు.

కనుమ దిగేముందు బండి ఆపి, జోరు తగ్గడానికి వెనక దుంగ కట్టుకోవడం పాత అలవాటు. ఈ కట్టడితో అదీ పోయింది. కిందటి వానల్లో సింగడనే తోటి బండివాడి బండి లోయలో పడింది. అప్పట్నుంచీ కనుమ దగ్గరకొచ్చేసరికి బండి తోలే బయన్నకి ఆ లోయ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

ఒకనాడు కొత్త అంగడి తెరవడానికి వరదప్పే బయన్న బండెక్కి బస్తాల మీద కూర్చున్నాడు. వెనక మరికొన్ని బండ్లు. కనుమ మొదట్లోకి రాగానే లోయలో సింగడి బండి చక్రాలు కనిపించాయి. షావుకారు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“ఒరేయ్, ఆపు! దుంగ కట్టు!”

“ఆపితే పని పోతుందయ్యా. తమరి మాటే.”

“నేనే చెబుతున్నాను కదరా!”

“నాకొక్కడికే చెబితే ఎట్టా అయ్యా? పని పోతుందని వెనకవాళ్లు ఆగరు. వచ్చి మన మీదే పడతారు.”

వరదప్ప బస్తాల మీద లేచి నిలబడి, లోయ మారుమోగేలా అరిచాడు. “ఆపండర్రా! ఆగితే ఎవరి పనీ పోదు! ఇకమీదట దుంగ కట్టాకే కనుమ దిగండి!”

బయన్న పగ్గాలు బిగించాడు. ఎద్దులు ఆగాయి. దారి పక్కనున్న దుంగకి తాడు ముడి మీద ముడి వేసి, మళ్లీ మళ్లీ లాగి చూసుకున్నాడు. వరదప్ప అది చూశాడు.

“నీకూ భయమేనట్రా?”

“రోజూ ఇంతేనయ్యా. ఇవాళ తోడు దొరికింది.”